ఎడమ కాలి మలుపు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేను చెప్పకపోయినా, రాయగడలో నా దగ్గర స్కేటింగ్ నేర్చుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది. పిల్లలు పడితే నాకు కోపం రాదు. పడకుండా ఎవరూ నేర్చుకోలేదు. తప్పుగా తిరిగి కూడా పడకుండా నిలబడేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ తప్పు ఇక ఒంట్లో ఉండిపోతుంది, తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా పోదు.

నేను బళ్ళో ఆటల టీచర్ని. కాలేజీ రోజుల్లో విశాఖపట్నంలో మేనత్తగారింట్లో ఉండి చదువుకుంటూ, అక్కడి రింకులో నాలుగు చక్రాల బూట్ల మీద తిరగడం నేర్చుకున్నాను. పరుగు పందేల స్కేటింగ్ కాదు. నేల మీద గీసిన వలయాల వెంట ఒంటికాలి మీద సాగుతూ, మలుపులు తిరుగుతూ చేసే ఫిగర్ స్కేటింగ్. మంచు మీద చేసేది టీవీలో చూసే ఉంటారు. మాదీ అదే విద్య, మంచుకు బదులు సిమెంటు. తాతగారి నాటి నుంచి మా వాళ్ళు ఈ కొండల్లో సంస్థానం కాగితాలు రాసుకుని బతికారు. అలాంటి ఇంట్లో కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరిగే ఆడది పుట్టిందని మా బంధువులు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నన్ను చూపించి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మాకు రింకు లేదు. మూతపడిన ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వెనకాల వడ్లు ఆరబోసే పెద్ద సిమెంటు కళ్ళం ఉంది. ఏళ్ళ తరబడి వడ్లు, వడ్లు తొక్కిన కాళ్ళు రాసుకుని ఆ నేల నున్నగా తయారైంది. వాన నీళ్ళు పోవడానికి ఒక మూలకి కాస్త వాలు ఉంది, దాన్ని కాళ్ళే కనిపెట్టుకుంటాయి. ఆదివారం పొద్దున్నే పది పన్నెండు మంది పిల్లలు వస్తారు. జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ పిల్లలు సొంత బూట్లు తెచ్చుకుంటారు. మా బడి పిల్లలు బీరువాలో ఉన్న ఆరు జతల్నీ వంతులేసుకుని తొడుక్కుంటారు. లమ్తపుట్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక పిల్ల అయితే మొదటి రోజే నన్ను చూసి, "దీనికి బ్రేకులెక్కడ మేడమ్?" అంది. మోకాలు చూపించాను.

ముందుగా నేర్పేది త్రీ టర్న్. ఒకే కాలి మీద ముందుకు సాగుతూ, వలయంలో సగం దూరం వెళ్ళాక, ఆగకుండా, రెండో కాలు కింద పెట్టకుండా, అదే కాలి మీద వెనక్కి తిరగాలి. తిరిగాక వీపు ముందుగా జారుతూ మిగతా సగం పూర్తి చేసి, బయల్దేరిన చోటికే రావాలి. నేల మీద కాస్త పిండి జల్లి తిరిగితే చక్రాలు వదిలే గీత అంకె మూడులా కనిపిస్తుంది. అందుకే ఆ పేరు.

చెప్పడానికి ఇంతే. పిల్లలేం చేస్తారంటే, ముందు పాదాన్ని తిప్పేస్తారు. పాదం తిరుగుతుంది, ఒళ్ళు తిరగదు, మనిషి పక్కకి పడతాడు. సరైన పద్ధతి దీనికి తలకిందులు. మోకాలు వంచి ఉంచాలి. చేతులూ భుజాలూ వలయం లోపలికి ముందే తిరగాలి. తర్వాత నడుము. ఆ పైన మోకాలు కాస్త లేచి, బరువు ముందు చక్రాల మీదకి వచ్చిన ఆ లిప్తలో పాదం తనంతట తనే తిరుగుతుంది. మళ్ళీ మోకాలు వంగుతుంది. వీటన్నిటికంటే ముందు తల తిరగాలి. మెడ తిప్పి, బయల్దేరిన చోటు కేసి చూడాలి. చూపు వెళ్ళని చోటికి మనిషి వెళ్ళడు. పిల్లల చేత రోజూ పాఠంలా అప్పజెప్పిస్తాను: "చూపు, భుజం, నడుము, పాదం." పాదం ఎప్పుడూ ఆఖరు.

ఈ మలుపుకి ఏటా ఒక పరీక్ష ఉంటుంది. భువనేశ్వర్ నుంచి పరీక్షకులు వస్తారు. కుడికాలి మీద కుడివైపుకి ఒక వలయం, ఎడమకాలి మీద ఎడమవైపుకి ఒక వలయం. రెండూ తప్పు లేకుండా చేసిన వాళ్ళని అక్కడి శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. నున్నటి చెక్క నేల, మంచి బూట్లు, పెద్ద గురువులు. ఇన్నేళ్ళలో నా పిల్లల్లో ఒక్కరూ ఆ పరీక్ష గట్టెక్కలేదు. ప్రతిసారీ రెండో కాలి దగ్గరే పోయేది. పిల్లల్ని తిట్టేదాన్ని, నేలని తిట్టేదాన్ని, ఆఖరికి పరీక్ష పెట్టేవాళ్ళనీ తిట్టేదాన్ని.

అప్పుడు దొరికింది ఆ పిల్ల. పదకొండేళ్ళది, మా బళ్ళోనే ఆరో తరగతి. తండ్రి లేడు. తల్లి బోరిగుమ్మలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది, పిల్ల ఇక్కడ నాన్నమ్మ దగ్గరుండి చదువుకుంటుంది. ఆ నాన్నమ్మ మునిసిపాలిటీలో వీధులు ఊడుస్తుంది. పిల్ల మాట తక్కువ. మిగతా పిల్లలు నెల రోజులు గోడ పట్టుకుని వేలాడితే, ఇది రెండో ఆదివారానికే కళ్ళం చుట్టూ సాగిపోయింది. మోకాలు వంచమంటే వంచింది, భుజం ముందు తిప్పమంటే తిప్పింది. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లని చూసి నాకు ముందు అనుమానం వచ్చింది, తర్వాత ఆశ పుట్టింది. శిబిరం సంగతి చెబితే, "అక్కడ చెక్క నేల మీద శబ్దం ఎలాగుంటాది మేడమ్?" అని అడిగింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏదో వంకన ఆ చెక్క నేల గురించి అడుగుతూనే ఉండేది. అంతగా కావాలనిపించింది దానికి.

ఒక ఆదివారం వాళ్ళ నాన్నమ్మ పని ముగించుకుని, చీర మీద తొడుక్కున్న మునిసిపాలిటీ కోటు కూడా విప్పకుండా, పిల్లకి ఉప్మా పొట్లం పట్టుకుని కళ్ళంలోకి వచ్చింది. పిల్లలంతా వరసగా చుట్లు తిరుగుతున్నారు, అందరికంటే ముందు ఈ పిల్ల. దానికి ఇంకా మలుపు మొదలుపెట్టలేదు, ఉత్త చుట్లే. ఆవిడ ఒక నిమిషం చూసి గట్టిగా కేకేసింది.

"ఓలమ్మో! ఆపమ్మీ! ఎటేపు తిరుగుతన్నావే నువ్వు?"

పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడుతూ ఆగారు. ఆవిడ నా దగ్గరికొచ్చింది.

"మాస్టరమ్మా, పిల్లల్ని ఎడం సేతేపు తిప్పుతన్నావేటి? గుడికెల్తే ఎటు తిరుగుతారు? హోమం సుట్టూ ఎటు తిరుగుతారు? ఈ తిరుగుడు ఎక్కడ తిరుగుతారో తెల్దేటి నీకు?"

తెలియకేం. తెలుగిళ్ళలో పుట్టిన ఎవరికి తెలియదు? దేవుడి చుట్టూ కుడివైపుగా తిరుగుతాం. ఎడమవైపుగా తిరిగేది చితి చుట్టూ. కానీ పాతికేళ్ళుగా చక్రాల మీద తిరుగుతున్నా నాకు ఈ ఆలోచన ఎన్నడూ రాలేదు. ఏ రింకులోనైనా ఎడమవైపుకే తిరుగుతారు. అలా ఎందుకో నేనూ అడగలేదు, నాకు నేర్పినవాళ్ళూ చెప్పలేదు.

"ఇది ఆటప్పా," అన్నాను; మా వైపు అక్కని అప్పా అంటాం. "ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా ఇటే తిరుగుతారు."

"పెపంచకం తిరిగితే తిరగనీ. నా మనవరాలు తిరగదు."

ఆదివారం ఉదయం, పన్నెండు మంది పిల్లల ముందు, నా కళ్ళంలో నాకు ఎదురు చెప్పింది. నాకు తిక్క రేగింది. "అయితే తీసుకెళ్ళి చీపురు చేతికివ్వు, తిప్పుకుంటుంది," అనేశాను.

ఆవిడ నేల మీద కూచుని మనవరాలి బూట్ల తాళ్ళు తనే విప్పింది. రెండు బూట్లనీ కొంగుతో తుడిచి, నా ముందు జంటగా పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనలేదు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

మర్నాడు తెల్లవారుతుండగానే ఆవిడ ఊడ్చే వీధికి వెళ్ళాను. "నిన్న పాడు మాటన్నాను. తప్పయింది," అన్నాను. ఆవిడ నా కేసి చూసి, "పని అవనీ," అని మళ్ళీ చీపురందుకుంది. నేను వెనకాలే నడిచాను.

పొడవాటి కర్ర చీపురు. కుడివైపు పట్టు పట్టి ఒక కరెంటు స్తంభం నుంచి తర్వాతి స్తంభం దాకా ఊడ్చింది. అక్కడ ఆగి చేతులు మార్చుకుంది. మళ్ళీ ఎడమవైపు పట్టుతో ఇంకో స్తంభం దాకా. వీధి చివరి వరకూ అంతే, ఒక్క స్తంభం కూడా తప్పలేదు. ఏ వైపు ఊడ్చినా ముందు భుజం తిరుగుతోంది, తర్వాత నడుము, ఆఖర్న పాదం. నేను పిల్లల చేత పాఠంలా వల్లె వేయిస్తున్నదంతా ఆవిడ మాటా పలుకూ లేకుండా చేసుకుపోతోంది. సిగ్గు సంగతి మరిచిపోయి నోరు తెరుచుకుని చూశాను.

"సేతులెందుకు మారుస్తున్నావప్పా?" అని అడిగాను. నాకు తెలియకుండానే నా మాట కూడా ఆవిడ మాటలోకి జారింది.

"ఒక్క పక్కే ఊడిస్తే నడుం ఆ పక్కకి లాగేస్తాది. ముప్పై ఏళ్ళయింది, ఇదిగో, ఇంకా నిలువుగానే ఉన్నాను. మా అత్త నేర్పింది. ఒక పక్క ఎంతో, రెండో పక్కా అంతే."

నా పిల్లలు రెండో కాలి దగ్గర ఎందుకు పోతున్నారో అప్పుడు బోధపడింది. నాకు ఎడమవైపు అలవాటు, అందుకని అందరికీ ముందు ఎడమ మలుపే నేర్పేదాన్ని. అది బాగా కుదిరేదాకా నెలలు గడిపి, పరీక్ష రెండు వారాలుందనగా కుడివైపు మొదలుపెట్టేదాన్ని. తప్పు నాది. నేలనీ పిల్లల్నీ ఊరికే తిట్టాను.

పని అయ్యాక ఇద్దరం ఒక కల్వర్టు మీద కూచుని టీ తాగాం. ఆవిడే మొదలుపెట్టింది.

"సీపురన్నావని నాకు కోపం నేదు మాస్టరమ్మా. సీపురు కూడెట్టింది. నా బాద వేరు." గ్లాసు రెండు చేతుల్లోకీ తీసుకుంది. "నాలుగేళ్ళయింది నా కొడుకు పోయి. పచ్చకామెర్లు. మగపిల్లలు నేరు. దీనికన్నా దగ్గరోలు ఎవులున్నారు? ఏడేళ్ళ గుంట. కుండ బుజానెట్టి మూడు సుట్లు తిప్పేరు. సిన్నాన్న కిందనించి పట్టుకున్నాడు గాని, కుండ పెద్దది, గుంట సిన్నది. నీళ్ళు కారి ఒళ్ళంతా తడిసిపోనాది."

"నువ్వు చూశావా?"

"ఆడోలు రాకూడదన్నారు. ఎల్లేను. వల్లకాటి గోడ అవతల నిలబడి సూసేను. దానికి తెల్దు, ఎవులికీ తెల్దు. తెలిస్తే పది మందీ పది మాటలంటారు." గ్లాసు కింద పెట్టింది. "నిన్న నీ కల్లంలో అదే తిరుగుడు. అదే గుంట, అటేపే."

చివరికి ఆవిడే షరతు పెట్టింది. పిల్ల వస్తుంది, నేర్చుకుంటుంది. కుడివైపు ఎంతైనా నేర్పవచ్చు. ఎడమవైపు మాత్రం వద్దు. పరీక్షలో రెండు కాళ్ళూ కావాలని తెలిసీ నేను సరేనన్నాను. ఇంకా రెండు నెలలుంది కదా, ఈలోగా మనసు మారకపోతుందా అనుకున్నాను.

ఆ వారం నుంచి కళ్ళంలో పద్ధతి మార్చేశాను. ఆవిడ చీపురు లెక్కనే ఇక్కడా అమలు పెట్టాను. కుడికి పది చుట్లు, ఎడమకి పది చుట్లు. కుడికాలి మలుపు ఎన్నిసార్లో ఎడమకాలి మలుపు అన్నిసార్లు. ఎడమవైపు వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల పక్కకి తప్పుకుని గోడ దగ్గర మోకాళ్ళు వంచడం సాధన చేసేది. మిగతా పిల్లలు రెండువైపులా బాగుపడ్డారు. ఈ పిల్ల కుడివైపు మలుపు మాత్రం నేను చేసిన దానికన్నా బాగుండేది. దాచుకోవడమెందుకు, మంచి వయసులో ఉన్నప్పటి నాకన్నా కూడా బాగుండేది. తిరిగే క్షణం ఎక్కడుందో కనిపించేదే కాదు. ముందుకి పోతున్న పిల్ల వెనక్కి పోతూ ఉండేది, అంతే.

నాకు ఆత్రం పుట్టింది. ఒకరోజు అందరూ వెళ్ళిపోయాక మెల్లిగా అన్నాను, "నాన్నమ్మ లేదు కదా. ఎడమకాలి మీద ఒక్కసారి తిరిగి చూపించు. నేనెవరికీ చెప్పను."

పిల్ల బూట్ల కేసి చూసుకుని, "నాన్నమ్మ నేదు గాని నేనున్నాను కదా మేడమ్," అంది.

కోపం వచ్చింది. కానీ తిట్టడానికి నోరు రాలేదు. పదకొండేళ్ళ పిల్ల పెంపకంలో నేను వేలెత్తి చూపడానికి ఏమీ మిగల్చలేదు ఆవిడ. ఇంటికి నడుస్తూ, పరీక్ష పోతే పోయింది, ఈ పిల్లకి మళ్ళీ ఆ మాట చెప్పకూడదనుకున్నాను.

పరీక్షకి రెండు వారాలుందనగా ఆవిడ మళ్ళీ కళ్ళంలోకి వచ్చింది. ఈసారి గోడ దగ్గర గొంతుక్కూచుని శ్రద్ధగా చూసింది. మనవరాలు కుడికాలి వలయం నాలుగైదుసార్లు చేసింది. ఆవిడ నన్ను పిలిచింది.

"అదేటి, సగం సుట్టుకాడ ఎనక్కి తిరిగింది?"

"అదే మలుపప్పా. సగంలో వెనక్కి చూడాలి. చూడకపోతే పడిపోతుంది."

"ఎడం పక్కా అంతేనా? సూడాల్సిందేనా?"

"చూడాల్సిందే."

ఆవిడ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఇంకో రెండు వలయాలు చూసింది. తర్వాత తీర్పు చెప్పింది.

"వల్లకాడు కాడ సుట్టు తిరిగినోలు ఎనక్కి సూడరు. సూడకూడదు. ఇది సూస్తంది గదా. అయితే ఇది ఆ తిరుగుడు కాదు. తిప్పుకో మాస్టరమ్మా."

నేను ప్రపంచాన్నంతా సాక్ష్యానికి పిలిచినా లొంగని మనిషి, మలుపుని తన కళ్ళతో చూసి, తన శాస్త్రంతోనే తేల్చుకుంది. మా తాతగారు పనిచేసిన సంస్థానంలో ఇంత బుర్ర ఉన్నవాళ్ళు ఒకరిద్దరుంటే అది ఇంకా కొన్నాళ్ళు నిలిచేదేమో.

అలా పద్నాలుగు రోజులు దొరికాయి. బడి అయ్యాక రోజూ కళ్ళానికి తీసుకెళ్ళాను. కుడివైపు అంత బాగా వచ్చిన పిల్లకి ఎడమవైపు ఎంతలో వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. ఎడమకాలి మీద సాగడం సాగుతుంది. మోకాలు బాగుంది, వాలు బాగుంది. సగం దూరం వెళ్ళాక భుజాలు తిరుగుతాయి, నడుము తిరుగుతుంది, తల మాత్రం ముందుకే ఉండిపోతుంది. తల తిరగనిదే పాదం తిరగదు. కుడికాలు కింద పెట్టేస్తుంది. యాభైసార్లు చేస్తే యాభైసార్లూ అక్కడే.

"చూడు! వెనక్కి చూడు! బయల్దేరిన చోటు చూడు!" అని గొంతు చించుకున్నాను. బతిమాలాను. గోడ మీద ఎర్ర గుడ్డ కట్టి దాన్ని చూడమన్నాను. ఆఖరికి, "ఏమవుతోందే నీకు?" అని అరిచాను.

"ఏటో మేడమ్. అక్కడికొచ్చేసరికి మెడ పట్టేస్తంది," అంది పిల్ల, కళ్ళలో నీళ్ళతో.

నేను దాని మెడకి బామ్ రాశాను. కల్వర్టు మీద కూచుని అంతా విన్నదాన్నే. వల్లకాట్లో వెనక్కి చూడకూడదన్న తీర్పు కూడా నా ఎదుటే జరిగింది. అయినా నాకు తట్టలేదు, మెడ నరాలనుకున్నాను. పద్ధతి నేర్పడంలో మునిగిపోయిన వాళ్ళకి కొన్నిసార్లు మనిషి కనిపించదు.

పరీక్ష రోజు వచ్చింది. భువనేశ్వర్ నుంచి వచ్చిన పరీక్షకురాలు సన్నగా, నవ్వని మొహంతో ఉంది. కళ్ళం చూసి ఏమీ అనలేదు, అదే పదివేలు. ఒక్కో కాలికి రెండు అవకాశాలు. మా పిల్లల్లో ఇద్దరు రెండు కాళ్ళూ గట్టెక్కారు. నా ఇన్నేళ్ళలో మొదటిసారి. లమ్తపుట్ పిల్ల అయితే ఎగిరి గంతేసి, బ్రేకులు లేవన్న సంగతి మరిచిపోయి నా మీదే పడింది. నాకు మాత్రం సంతోషించే తీరిక లేదు. తర్వాతి వంతు ఆ పిల్లది.

కుడికాలి వలయం మొదటిసారే చేసింది. పరీక్షకురాలు కాగితం మీంచి తలెత్తి రెండోసారి చూసింది, తర్వాత ఏదో రాసుకుంది. ఎడమకాలు మొదలైంది. సాగింది, వాలింది, భుజాలు తిరిగాయి. తల తిరగలేదు. కాలు కింద పెట్టేసింది.

"ఆఉ థరె," అంది పరీక్షకురాలు, ఇంకోసారి అని. అదే ఆఖరుసారి.

పిల్ల బయల్దేరే చోటికి వచ్చి నిలబడింది. పెదాలు బిగబట్టి, నా కేసి చూడకుండా, నేలనే చూస్తోంది. ఆ చెక్క నేల ఇక తనకి లేదని దానికి తెలిసిపోయినట్టే ఉంది. నేను ఏం చెప్పినా అది ఇప్పటికి వెయ్యిసార్లు విన్నదే.

అప్పుడు గోడ దగ్గరున్న నాన్నమ్మ లేచింది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఉత్తికాళ్ళతో కళ్ళంలోకి నడిచింది. పరీక్ష జరుగుతుండగా ఎవరూ లోపలికి రాకూడదు. ఆపాల్సింది నేనే. ఆపలేదు. పరీక్షకురాలు చెయ్యెత్తబోయి, ఆవిడ మొహం చూసి, దించేసింది.

ఆవిడ వెళ్ళి మనవరాలి వెనకే, ఆ బయల్దేరే చోటనే నిలబడింది.

"ఎల్లమ్మీ," అంది. "సగం కాడ ఎనక్కి సూడు. ఆ దినం సూడొద్దన్నాం. ఇయ్యాల సూడొచ్చు. మీ నాన్న ఏటీ అనడు. నానిక్కడే ఉంటాను, సూడు."

అప్పుడు గాని నాకు తెలియలేదు, పద్నాలుగు రోజులుగా ఆ మెడని పట్టుకున్నదేమిటో. ఏడేళ్ళప్పుడు చెప్పిన మాటని ఆ పిల్ల ఇంకా వింటోంది.

పిల్ల ఎడమకాలి మీద బయల్దేరింది. మోకాలు వంగింది. వలయం మీద సగం దూరం వెళ్ళింది. మెడ కాసేపు బిగిసి ఉండిపోయింది. అంతలో తల తిరిగింది. ఆ వెంటే భుజం, నడుము, ఆఖర్న పాదం. మలుపు ఎక్కడ జరిగిందో కనిపించనే లేదు. నాన్నమ్మ మీంచి చూపు తీయకుండా, వీపు ముందుగా, మెల్లిగా జారుతూ వచ్చి, వలయం పూర్తి చేసి, ఆవిడ చేతుల్లోకి వచ్చి ఆగింది.

"పాస్," అని ప్రకటించింది పరీక్షకురాలు. పిల్లలు కేకలు పెట్టారు. నేను బాహాటంగానే ఏడ్చాను, నాకేం సిగ్గు లేదు.

ఆ పిల్లకి మాత్రం ఇవేవీ వినిపించినట్టు లేదు. చక్రాల మీద అలాగే నిలబడి, నాన్నమ్మ కోటు రెండు చేతులా పట్టుకుని అడిగింది.

"నాన్నమ్మా, ఆ దినం కూడా నువ్వు ఎనకాలున్నావా?"

ఆవిడ ఒకసారి చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. తర్వాత ఎవరూ లేనట్టే, అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఉన్నానమ్మీ. గోడ కాడే ఉన్నాను. మూడు సుట్లూ సూసేను."